నాలుగోరోజు పువ్వు

గోదావరి జిల్లాలో మర్యాద ఎక్కువని లోకమంతా మెచ్చుకుంటుంది. మెచ్చుకునేవాళ్ళెవరూ ఆ మర్యాదను దాటుకుని రోజూ కాలేజీకి వెళ్ళి ఉండరు. సువర్ణ వెళ్ళేది. సఖినేటిపల్లి శివారు పేటలో ఇల్లు. వశిష్ఠ గోదావరికి అవతల, నరసాపురంలో కాలేజీ. మధ్యలో పంటు. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన కట్టి పైన బల్లలు పరిస్తే అది పంటు. దాన్ని ఒక లాంచీ లాక్కుపోతుంది. లాంచీ నడిపే సరంగు పేరు ఎర్రయ్య. పంటు పొద్దున్న ఎనిమిదిన్నరకి కదలాలని రేవులో బోర్డు మీద రాసి ఉంది. కదిలేది మాత్రం ఎర్రయ్య లెక్క తేలాకనే.

ఆ లెక్క ఏమిటంటే, రోజూ వచ్చేవాళ్ళలో ఇంకా ఎవరు రాలేదో చూసుకోవడం. "గుమాస్తాగారు రాలేదండి" అని ఒకరంటారు. "ఆయ్, వచ్చేత్తారండి, ఇందాకే చద్దన్నం ముందు కూర్చున్నారు" అని ఇంకొకరు భరోసా ఇస్తారు. గుమాస్తా మాణిక్యాలరావు గారు వచ్చాక, చేపలమ్మే ముత్యాలు రాలేదని గుర్తొస్తుంది. ముత్యాలు వచ్చాక, దూరంగా గట్టు మీద ఎవరో గొడుగు ఊపుతుంటాడు. ఆయన నింపాదిగా దగ్గరకొచ్చాక, పంటెక్కడానికి కాదు, ఊరికే పలకరించడానికి ఊపాడని తేలుతుంది. ఒక్కరూ విసుక్కోరు. రేపు తమ కోసమూ ఆగాలి కదా. ఈలోగా అవతల కాలేజీలో మొదటి గంట లెక్కల క్లాసు హాజరు అయిపోయేది. ఏడాది మొత్తం మీద సువర్ణ తన పేరు పిలుస్తుండగా విన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

1979 జూలైలో ఆమె బి.యస్సీ రెండో ఏడులోకి వచ్చింది. అప్పుడే కాలేజీ పక్క వీధిలో ఉన్న ఆడపిల్లల హాస్టల్లో ఒక మంచం ఖాళీ అయింది. వచ్చే శనివారంలోగా ఏ సంగతీ చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని వార్డెనమ్మగారు కబురు చేశారు.

సువర్ణకి కావలసింది నిజానికి ఒక్క గంట. గురువారం సాయంత్రం నాలుగున్నర తరవాత వచ్చే గంట. ప్రతి గురువారం మధ్యాహ్నం కెమిస్ట్రీ ప్రాక్టికల్సు ఉండేవి. ఒక్కో బల్లకి ఒక్కో కాగితప్పొట్లం ఇస్తారు. అందులో చిటికెడు ఉప్పు ఉంటుంది. వంటింటి ఉప్పు కాదు, ఏ లోహానిదో చెప్పరు. దాన్ని కరిగించి, కాచి, వడగట్టి, ఒకదాని తరవాత ఒకటి పరీక్షలు చేసి పేరు మనమే కనిపెట్టాలి. రెండింటికి మొదలుపెడితే అయిదు దాటుతుంది. చివరి పంటు అయిదుంబావుకి. రేవు అరగంట నడక. కాబట్టి నాలుగున్నర కొట్టేసరికి, దొంగ దొరకబోతున్న సమయానికి, సువర్ణ తన గాజుగొట్టాలు కడిగేసుకుని, పక్కనున్న రాజ్యలక్ష్మి పుస్తకంలోకి తొంగిచూసి, అక్కడ ఏ పేరుంటే ఆ పేరు తన పుస్తకంలో దింపుకుని పరుగెత్తేది. ఏడాదిలో ఒక్క ఉప్పు సంగతి కూడా ఆమె కళ్ళారా తేల్చుకోలేదు. మార్చిలో జరిగే పరీక్షలో పక్కన రాజ్యలక్ష్మి ఉండదు. బి.యస్సీ అయ్యాక వాల్తేరు వెళ్ళి పై చదువు చదవాలని ఆమెకి మనసులో ఉంది గానీ, గంట కోసమే ఇంత గొడవగా ఉంటే వాల్తేరు మాట ఎత్తడమెలాగ?

ఆమె తండ్రి అబ్రహాము మేష్టారు ఎలిమెంటరీ స్కూల్లో రెండో తరగతికి చెప్తారు. చాలా మంచి మనిషి. మంచివాళ్ళతో వచ్చే చిక్కు అదే, వాళ్ళ మీద కోపం కూడా తెచ్చుకోలేం. ఆయన వాదన మూడు కాళ్ళ మీద నిలబడింది.

"రోజూ ఇంటికొస్తే మన పిల్ల. వారానికోసారి వస్తే చుట్టం" అన్నారు మొదట.

రెండోది దేవుడి మాట. ఏటా జనవరి ఒకటో తారీకున ఏసుప్రభువు గుళ్ళో ఇంటికొక వాగ్దానపు కార్డు తీస్తారు. ఏ కార్డు వస్తే అది ఆ ఇంటికి ఆ ఏడాదికి దేవుడిచ్చిన మాట. ఆ ఏడు మేష్టారికి, రాకపోకల్లో దేవుడు తోడుంటాడని వచ్చింది. దాన్ని అట్టముక్కకి అంటించి గోడకి తగిలించారు.

"చూడమ్మా, రాకపోకలని స్పష్టంగా ఉంది. హాస్టలని ఎక్కడేనా ఉందా?"

"జనవరిలో దేవుడికి మాత్రం ఏం తెలుసండీ, జూలైలో మంచం ఖాళీ అవుద్దని" అంది సువర్ణ తల్లి దానమ్మ పొయ్యి దగ్గర్నుంచి.

"దానమ్మా!" అన్నారు మేష్టారు. ఆవిడ కబురు వచ్చిన మర్నాడే తన పాత చీరలు నాలుగు ఉతికి ఆరేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

మూడో కాలు అన్నిట్లోకీ గట్టిది. "అసలు మన వంశానికి హాస్టలు అచ్చిరాదు. మా అమ్మనడుగు. పదేళ్ళప్పుడు నరసాపురంలో దొరసానిగారి బోర్డింగులో వేస్తే మూడ్రోజులకి ఏడ్చుకుంటా వచ్చేసింది."

ఈ కథ పేటంతా తెలుసు. ఏ పనైనా మధ్యలో వదిలేసినవాళ్ళని 'మార్తమ్మ బోర్డింగు' అని వెక్కిరించేవారు. మార్తమ్మ కూడా అందరితోపాటు నవ్వేది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. పగలల్లా అరుగు మీద కూర్చుని, కొక్కెం సూదితో తెల్లదారం లేసు అల్లుతూ ఉండేది. ఆవేళ మాత్రం నవ్వలేదు. దారపుండ ఒళ్ళో పెట్టుకుని, "అయితే నేనెల్లి చూసొత్తాను" అంది.

"ఎక్కడికమ్మా?"

"కాలేజీకి. సోమారం నుంచి సుక్కరారం దాకా దీంతోపాటు ఎల్తాను, దీంతోపాటు వత్తాను. రోజూ ఎల్లిరావడం సులువో కష్టమో అరుగు మీద కూర్చుంటే ఎలా తెలుద్ది?"

"అక్కడ రోజంతా ఏం చేస్తావు?"

"వరండా ఉంటది కదరా."

మేష్టారికి ఈ ఏర్పాటు బాగా నచ్చింది. తల్లికి ఇల్లు దాటితే తోచదని ఆయన నమ్మకం. సువర్ణ మాత్రం హడలిపోయింది. కాలేజీ వరండాలో మామ్మ! అందులోనూ తన ఏడాది సంగతి తేల్చేది మామ్మ!

సోమవారం పొద్దున్నే మార్తమ్మ గంజిపెట్టిన తెల్లచీర కట్టి, సంచిలో లేసు, దారం, రెండు మడతల మామిడితాండ్ర పెట్టుకుని, నల్లగొడుగు పట్టుకుని తయారైంది. పంటు మీద మొదటిరోజే ముత్యాలుకి నడుంనొప్పికి మందు చెప్పింది. గుమాస్తా మాణిక్యాలరావు గారి తల్లీ తనూ ఒకప్పుడు కలిసి ఊడ్పులకి వెళ్ళినవాళ్ళని తేల్చింది. మంగళవారానికి ఎర్రయ్య ఆవిడకి ఇంజను పక్కన, గాలి తగిలేచోట పీట వేయించాడు. బుధవారం తాండ్ర సంచి మరిచిపోయి వెనక్కి వెళ్ళొస్తే, "మార్తమ్మగారు రాలేదండి" అని పంటు మొత్తం ఆవిడ కోసం ఆగింది. కాలేజీలో అటెండరు అప్పలస్వామి ల్యాబు కిటికీ పక్కన స్టూలు వేసి, "ఇక్కడ కూర్చోండి మామ్మగారూ, ఎండ తగలదు" అన్నాడు. సువర్ణ సిగ్గుతో చచ్చిపోతుందేమో అనుకుంది గానీ, రెండోరోజుకే స్నేహితురాళ్ళు తాండ్ర కోసం మామ్మ చుట్టూ చేరారు.

ఒక్కటే వింత. రేవు నుంచి కాలేజీకి వెళ్ళే దారిలో, హాస్టలు పాత ఇనపగేటు దగ్గరకి రాగానే మార్తమ్మ రోజూ ఆగిపోయేది. "ఉండవే, ఆయాసంగా ఉంది" అని గేటు ఊచ పట్టుకుని కాసేపు నిలబడేది. పంటు కోసం గట్టు మీంచి కుర్రపిల్లలా దిగే మనిషికి చదునునేల మీద ఆయాసమేమిటో సువర్ణకి అర్థం కాలేదు. వయసు మీద పడిందిలే అనుకుంది.

సాయంత్రాలు ఇంట్లో మార్తమ్మ ఒకటే పొగడ్త. "ఆ గాలి, ఆ మనుషులు! ఎంత మర్యాదరా అబ్బాయ్. నాకోసం పంటు ఆపేరు!" మేష్టారు మొహం చాటంత చేసుకుని కూతురివైపు చూసేవారు. సువర్ణ అన్నం మెతుకులు కెలుకుతూ కూర్చునేది. మంచం ఇంకొకరికి వెళ్ళిపోయినట్టే. రాయబారానికి వెళ్ళిన మనిషి పెళ్ళివారింట్లో విందు తిని అక్కడే ఉండిపోయినట్టుంది మామ్మ వ్యవహారం.

గురువారం వచ్చింది. ఆ వారం పొట్లంలో తెల్లటి పొడి. సువర్ణ చకచకా పనిచేసింది. ద్రావణంలో చివరి మందు కలపగానే గొట్టం నిండా పసుపురంగు మడ్డి వచ్చింది. గంట చూస్తే నాలుగున్నర. నీళ్ళు పోసి కాచి, అది కరిగాక చల్లారేదాకా ఆగితే ఏదో కనబడుతుందని పుస్తకంలో ఉంది. చల్లారేదాకా ఆగడానికి ఆమెకి పంటుందాయె. అలవాటు ప్రకారం మెడ సాచి రాజ్యలక్ష్మి పుస్తకంలోకి చూసింది. రాజ్యలక్ష్మి ఇంకా పేరు రాయలేదు.

"నువ్వే సీసం అని రాసేసుకో, అదే అయ్యుంటుందిలే" అంది రాజ్యలక్ష్మి జాలిగా.

సువర్ణ రాసేసుకుంది. తలెత్తితే కిటికీ ఊచల అవతల మామ్మ మొహం కనబడింది. లేసు అల్లడం ఆగిపోయి ఉంది.

బయటికి రాగానే మార్తమ్మ, "అయిపోయిందా?" అంది.

"అయిపోయింది మామ్మా. పద, పంటు."

"మరి వాళ్ళందరూ లోపలే ఉన్నారేం?"

సువర్ణకి అబద్ధం రాలేదు. ఏడాదిగా దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. "ఏ గురువారమూ అవదు మామ్మా. చివర ఏమవుతుందో నేనెప్పుడూ చూడలేదు. పక్కదాని పుస్తకంలో చూసి రాసుకుంటాను" అంది.

మార్తమ్మ మనవరాలి మొహంలోకి చూసింది. తరవాత సంచి సర్దుకుని లేచింది. "లోపలికెల్లు. ఆ చివరేదో చూసిరా. పంటు సంగతి నేను చూసుకుంటాను" అని గొడుగు టకటకలాడించుకుంటూ రేవు దారి పట్టింది.

సువర్ణ మళ్ళీ దీపం వెలిగించింది. పసుపు మడ్డిలో నీళ్ళు పోసి కాచింది. మడ్డి కరిగిపోయి గొట్టంలో నీళ్ళు తేటగా అయిపోయాయి, అసలక్కడ ఏమీ లేనట్టు. ఇంతసేపూ చేసింది పాడయిందేమో అనుకుంది. గొట్టాన్ని కొయ్యస్టాండులో పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. అయిదుంబావు దాటింది, మిగతావాళ్ళు ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోయారు. అప్పుడు ఆ తేటనీళ్ళలో ఎక్కడినుంచో ఒక మెరుపు రేకు పుట్టింది. ఇంకొకటి, మరొకటి. చూస్తుండగా గొట్టం నిండా బంగారు రజను తళతళలాడుతూ కిందికి దిగసాగింది. సీసమే. రాసుకున్న పేరే. కానీ రాసుకోవడం వేరు, చూడడం వేరు. ఒంటరిగా నిలబడి సువర్ణ గట్టిగా నవ్వింది. అప్పలస్వామి తలుపులోంచి తొంగిచూసి, "ఏటయిందమ్మా?" అన్నాడు కంగారుగా.

ఆమె రేవుకి పరుగెత్తేసరికి ఆరు కావస్తోంది. పంటు ఉంది. పంటు నిండా నలభైమంది జనం ఉన్నారు. గట్టుకీ పంటుకీ మధ్య వేసే ఎక్కుడుబల్ల మీద మార్తమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని లేసు అల్లుతోంది. ఆవిడ లేస్తే గానీ బల్ల తీయలేరు. బల్ల తీస్తే గానీ పంటు కదలదు.

"క్షమించండి, నావల్ల ఆలస్యమైంది" అంది సువర్ణ రొప్పుతూ.

"ఆయ్, పర్లేదండి, నిదానంగా రండి" అన్నాడు ఎర్రయ్య.

"చదువు కదండీ" అన్నారు మాణిక్యాలరావు గారు. ఆయనకి ఇంటి దగ్గర పాలు పితకాల్సిన గేదె ఉంది. అవతలి గట్టు నుంచి దాని అరుపు వినబడుతున్నట్టే ఆయన మొహం ఉంది. ముత్యాలు ఖాళీ తట్ట పక్కకి జరిపి ఆమెకి చోటిచ్చింది. ఒక్కళ్ళయినా తిట్టి ఉంటే సువర్ణకి తేలిగ్గా ఉండేది.

గోదారి మధ్యకి వచ్చాక ఆమె నెమ్మదిగా అడిగింది. "మామ్మా, నాన్నకేం చెబుతావు?"

"ఇంకా రేపుంది కదే" అని మార్తమ్మ కళ్ళు మూసుకుంది.

శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక తీర్పుకి అందరూ అరుగు మీద చేరారు. మేష్టారు ముందే గెలిచిన ధీమాలో తల్లికి తమలపాకు చుట్టి ఇవ్వబోయారు.

"పంటు చాలా బాగుందిరా" అంది మార్తమ్మ. "మనుషులు బంగారం. ఆ ఎర్రయ్య అయితే కన్నకొడుకుతో సమానం. దీన్ని మాత్రం హాస్టల్లో వెయ్యి."

మేష్టారి చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. "అదేంటమ్మా! వారమంతా పొగిడేవు. అయినా నువ్వే మూడ్రోజులు ఉండలేక వచ్చేసేవు కదా!"

"నేను రాలేదురా."

"నువ్వే కదా చెప్పేవు?"

"చెప్పేను. మా అయ్యని చూసి నలుగురూ నవ్వకూడదని చెప్పేను." ఆవిడ సూది పక్కన పెట్టింది. "నాకక్కడ ఏం ఏడుపు రాలేదు. అన్నం బాగుండేది. తోటిపిల్లలు బాగుండేవారు. మూడ్రోజుల్లో అ, ఆ, ఇ, ఈ చెప్పేరు. లేసులో గొలుసు నేర్పేరు. నాలుగోరోజు పువ్వు నేర్పుతామన్నారు. మూడోరోజు సాయంత్రం మా అయ్య వచ్చి, ఇప్పుడు హాస్టలుకున్న ఆ ఇనపగేటు దగ్గరే నిలబడ్డాడు. నేనెల్లిపోయిన కాడ్నుంచి కూలికెల్లలేదంట, అన్నం ముట్టలేదంట. నన్ను చూసి చంటిపిల్లోడిలాగ ఏడిచేడు. ఇంకొక్కరోజు ఉంచమని దొరసానిగారు బతిమాలింది. ఇంటేనా? భుజాన ఎక్కించుకుని తెచ్చేసుకున్నాడు."

రోజూ మామ్మకి ఆయాసం ఏ గేటు దగ్గర వచ్చేదో సువర్ణకి అప్పుడర్థమైంది.

"లేసు పువ్వు తరవాత పక్కోళ్ళని చూసి నేర్చేసుకున్నాను. అక్షరాలు పక్కోళ్ళని చూత్తే రాలేదురా. యాభైయ్యెనిమిదేళ్ళ నుంచీ గుళ్ళో పాటల పుస్తకం పట్టుకుని, పక్కావిడ ఏ పేజీ తీత్తే ఆ పేజీ తీత్తన్నాను. నిన్న కిటికీలోంచి నీ కూతుర్ని చూసేను. అదీ పక్కపిల్ల పుస్తకంలోకి చూసే రాసుకుంటంది." ఆవిడ కొడుకు చేతిలోంచి ఆకు తీసుకుంది. "మా అయ్య చాలా మంచోడురా అబ్బాయ్. అచ్చం నీలాగే."

మేష్టారు గుమ్మంలోంచి గోడమీది కార్డు వైపు చూసి, "మరి ఆ రాకపోకల మాట..." అన్నారు గొణుగుతున్నట్టు.

"అది దేవుడు మీకిచ్చేడేమోనండీ" అంది దానమ్మ. "శనారం శనారం మీరెల్లి తీసుకురండి, సోమారం దింపి రండి." అని లోపలికి వెళ్ళి, నాలుగు చీరల బొంత తెచ్చి అరుగు మీద పరిచింది. అంచులతో సహా కుట్టడం పూర్తయిపోయి ఉంది.

శనివారం వార్డెనమ్మగారికి మాట చెప్పొచ్చి, సోమవారం మేష్టారే పెట్టె మోసుకొచ్చి హాస్టల్లో దింపారు. మంచం కిర్రుమంటుందో లేదో కూర్చుని చూశారు. వార్డెనమ్మగారికి సువర్ణ ఏ కూర తినదో రెండుసార్లు చెప్పారు. మొదటి రాత్రి సువర్ణకి నిద్రపట్టలేదు. బొంతలో అమ్మ చీరల వాసన వేసింది. మంగళ, బుధవారాల్లో మొదటి గంటలోనే తన పేరు పిలుస్తుంటే విని, ఎంతో గర్వంగా పలికింది.

గురువారం అయిదున్నరకి ల్యాబులోంచి వస్తుంటే, గేటు దగ్గర గొడుగు చంకలో పెట్టుకుని మేష్టారు కనబడ్డారు. ఊచ పట్టుకుని నిలబడి ఉన్నారు. సువర్ణ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. సోమ, మంగళ, బుధ, గురు. తీసుకెళ్ళిపోవడానికే వచ్చారు.

"నాన్నా!"

"ఏం లేదమ్మా, మామ్మ పంపింది" అంటూ ఆయన జేబులోంచి కాగితపు మడత తీశారు. లోపల తెల్లదారంతో అల్లిన లేసు పువ్వు ఉంది. అరచేతిలో సరిపోయేటంత. "ఇవాళ్టికి అందాలని చెప్పింది." ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇవాళేం ఉప్పు?"

"రాగి. చివర నీళ్ళు ముదురు నీలంగా అయిపోయాయి నాన్నా."

"చివరిదాకా చూసేవా?"

"చూశాను."

"అయితే సరే" అన్నారాయన. అన్నాక కూడా ఊచ వదలలేదు.

"నాన్నా, పంటు! అయిదుంబావుకే కదా!"

"ఆగుతుందిలేమ్మా" అని, ఊచ వదిలి, వెనక్కి చూడకుండా వీధి మలుపు తిరిగిపోయారు.

ఆ శనివారం ఇంటికి వెళుతూ సువర్ణ పంటెక్కితే, ఎర్రయ్య ఇంజను పక్కన పీట చూపించాడు. మాటల్లో, "గురువారం పంటు గంట ఆలీసెంగా కదిలిందండి" అన్నాడు. "మేష్టారు గారు రేవుకొచ్చేసేరండి, కానీ ఎక్కలేదండి. బల్ల దగ్గర నరసాపురం వైపు తిరిగి అలా నిలబడిపోయేరండి. మేవెవరం ఏం అనలేదండి."